అడిగింది ఆవిణ్ణి

అయినా వర్జ్యం అన్న మాటకి నవ్వడానికి ఏముందని, ఆ నర్సమ్మాయి జాయ్సీ ముఖం పక్కకి తిప్పుకుని మరీ నవ్వింది, నవ్వితే నవ్వింది, పదకొండు దాటితే వర్జ్యం వస్తుందన్నది నరసింహమూర్తి ఇంట్లో కూర్చుని కల్పించిన మాట కాదు, పంచాంగంలో అచ్చయిన మాట, పంతులుగారు వేలు పెట్టి చూపించిన మాట, తాడేపల్లిగూడెంలో తన కిరాణా హోల్‌సేలు కొట్టుకి కొత్త కాటా కొనాలన్నా తిథీ వారం చూసుకునే మనిషి, కట్టుకున్న భార్య పొట్ట కోయించడానికి చూడడా, అందుకే కదా పెద్ద డాక్టరమ్మ లిడియాగారిని బతిమాలి బామాలి ఇవాళ మొదటి ఆపరేషన్ తమదే అయ్యేలా ఒప్పించుకున్నాడు, తీరా ఇప్పుడు చూస్తే గోడ మీద గడియారం తన పని తాను చేసుకుపోతోంది, డాక్టరమ్మ రాలేదు, స్ట్రెచర్ రాలేదు, ఎవరికో అర్జంటు కేసు వచ్చిందట, ఏలూరు ఊరంతా హారన్లు కొట్టుకుంటూ కిటికీ కింద నుంచి పోతోంది గానీ ఈ గదిలోకి మాత్రం ఒక్కరూ రారు, ఇక మంచం మీద ఉమాకుమారి, ఆసుపత్రి వాళ్ల ఆకుపచ్చ గౌను మీద ఇంటి నుంచి తెచ్చుకున్న దుప్పటి గొంతుదాకా కప్పుకుని, ఒక చేతికి సెలైను, రెండో చెయ్యి పొట్ట మీద, బెల్లం కొట్టిన రాయిలా ఉలకదు పలకదు, ఏమే భయంగా ఉందా అని అడిగాడు ఇందాక, భయమెందుకు, చిన్న ఆపరేషనే, పొట్ట లోపల కన్నం పడ్డ చోట వలలాంటి గుడ్డ పెట్టి కుట్టేస్తారు, అంతే అని ధైర్యం కూడా చెప్పాడు, దానికి ఊఁ అని కూడా అనలేదు ఆ మహాతల్లి, ఏవండీ ఒకసారి బాత్రూంకి వెళ్లొస్తానండీ అంది, చెప్పేదేమిటి, వినేదేమిటి, చేతికి సెలైను ఉండగా ఎక్కడికి లేస్తావు, పొద్దున వెళ్లావుగా, నువ్వు లోపలుండగా స్ట్రెచర్ వస్తే మనల్ని వదిలేసి రెండో వాళ్లని తీసుకుపోతారు, పడుకో అన్నాడు, పడుకుంది, పడుకుని కప్పు మీద ఫ్యాను వంక చూస్తోంది.

నోట్లో నాలుక లేని మనిషిని కట్టుకుంటే ఇంతే, ముప్ఫై ఏళ్ల పైమాటే, ప్రతిదీ తనే చెప్పాలి, తనే చూసుకోవాలి, అసలు ఈ గోలకంతటికీ మూలం ఏడేళ్ల కిందటి గర్భసంచి ఆపరేషన్, గడ్డలున్నాయని బొడ్డు కింద నిలువుగా కోసి సంచి తీసేశారు, బాగానే మానింది, ఇంటికి పంపేటప్పుడు ఆ డాక్టరు కొన్నాళ్లు బరువులెత్తకూడదమ్మా అంటే, మా ఇంట్లో ఆవిడ ఎత్తే బరువులేముంటాయండీ, చెంబెత్తితే అదే బరువు అని నరసింహమూర్తే నవ్వుతూ చెప్పాడు, నిజమే కదా, ఇంట్లో పనిమనిషి ఉంది, కొట్లో కలాసీలున్నారు, ఎవరు మొయ్యమన్నారు ఈవిణ్ణి, ఆ వేసవిలోనే ఆవకాయ జాడీ ఒక్కతే ఎత్తుకుని మేడ మీది గదిలోంచి కిందికి దిగిందట, ఆ రోజు పనిమనిషి రాలేదట, ఈయనగారికి భోజనంలోకి కొత్తావకాయ కావాలన్నారట, అన్నాడు, కాదనడం లేదు, కొత్తావకాయ కావాలన్నాడు గానీ జాడీ నెత్తిన పెట్టుకు రమ్మన్నాడా, ఒక గిన్నెలో నాలుగు ముక్కలు తెస్తే పోయేదిగా, అడుసు తొక్కనేల కాలు కడగనేల అని ఊరికే అన్నారా పెద్దలు, తర్వాత ఏడాదికి పాత కోత పక్కనే ఉబ్బు కనిపించింది, మొదట నిమ్మకాయంత, ఆ తర్వాత బత్తాయంత, దానికొక నిలకడా లేదు, ఒక పూట ఉంటుంది, ఒక పూట ఉండదు, హెర్నియా అన్నారు, లోపల కండ కుట్టు దగ్గర విడిపోయి కన్నం పడిందట, పైన చర్మం మామూలుగానే ఉంటుందట, ఆ కన్నంలోంచి లోపలిది బయటికి తోసుకొస్తుందట, లోపలిదంటే ఇంకేముంటుంది, పేగే, బస్తాకి చిల్లి పడితే బస్తాలో ఉన్నదే కదా కారేది, పొట్టనిండా ఉండేవి పేగులు కాబట్టి వచ్చేది పేగే, దీనికి అంత చదువెందుకు, అప్పటి నుంచి ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, పేగు జారిందండీ అని కుర్చీలో కూర్చుంటూనే తనే చెప్పేస్తున్నాడు, వాళ్లకీ కాస్త పని తగ్గుతుందని.

బజార్లో తనకున్న పేరే అది, బేరగాడు మెట్టెక్కుతుండగానే ఏం కావాలో మూర్తిగారికి తెలిసిపోతుందని, పెంటపాడు నుంచి వచ్చే మిఠాయికొట్టాయన ఇంకా చెప్పులు విప్పుతూనే ఉంటాడు, ఇక్కడ శనగపిండి బస్తా కాటా ఎక్కేస్తుంది, ఆయన నోరు తెరిచి అడగాల్సిన పనే లేదు, తెరిచి అడిగితే రెండు నిమిషాలు, అడక్కుండా ఇస్తే బేరగాడికీ ముచ్చట, కొట్టుకీ కలిసొచ్చిన టైము, ఊరి వాళ్ల సంగతి అంత తెలిసినవాడికి ఇంట్లో మనిషి సంగతి తెలియదా, అందుకే గూడెంలో ఇద్దరు డాక్టర్లకీ, భీమవరంలో ఒకాయనకీ అంతా తనే చెప్పాడు, ఏమ్మా ఎలా ఉందని వాళ్లు అడగ్గానే ఈవిడ తిన్నగా తన ముఖం చూస్తుంది, ఇంక చెప్పక చస్తాడా, ఆకలి బాగానే ఉందండీ, నిద్ర బాగానే ఉందండీ, గ్యాస్ ఎక్కువండీ, విరేచనం మామూలేనండీ అని వరసగా చెబుతాడు, డాక్టరు బల్ల ఎక్కించి నొక్కి చూస్తాడు, తీరా చూస్తే అక్కడ ఉబ్బు ఉండదు, ఎందుకుంటుంది, డాక్టరు దగ్గరికని బయల్దేరే ముందు ఒకసారి, ఆసుపత్రికి వచ్చాక ఒకసారి బాత్రూంలోకి దూరి గంటసేపు వచ్చేది కాదు, వచ్చేసరికి పొట్ట చదునుగా ఉండేది, పరాయి మగాడి ముందు ఉబ్బు పొట్టతో ఎలాగండీ అని ఒకసారి నసిగింది, చూపించడానికి వచ్చి దాచుకోవడమేమిటో, పెళ్లిచూపులా ఇవి, వాళ్లు సరే ఒక బెల్టు పెట్టుకోండమ్మా అని పంపేసేవాళ్లు, చివరికి స్కానింగు రాస్తే అక్కడ ఇంకో తంతు, నీళ్లు తాగి కూర్చోండి, పాస్ వచ్చేదాకా ఆగాలి అన్నాడు ఆ స్కానింగు అతను, ఆవిడకి నీళ్లు పడవు బాబూ, ఖాళీ పొట్టతోనే తీసెయ్యి, అవతల కొట్లో లోడు దిగుతోంది అని తనే సర్దిచెప్పాడు, అతనూ తీసేశాడు, కన్నం ఉంది, పేగు కావచ్చు అన్నాడు, చెప్పానా లేదా అనుకున్నాడు నరసింహమూర్తి.

నీళ్లు పడవన్నది అబద్ధమా, కాదు, ఎండలు మండిపోతున్నా ప్రయాణమంటే చాలు గుక్కెడు నీళ్లు ముట్టదు, అయినా దారిలో ఆపుతుంది, గూడెం నుంచి ఏలూరు ఎంత దూరమని, ఇవాళ తెల్లవారుతూనే కారు పూళ్ళ దగ్గర ఒకసారి ఆపమంది, దెందులూరు దగ్గర మళ్లీ ఆపమంది, పెట్రోలు బంకు వెనక్కి వెళ్లింది వెళ్లినట్టే, డ్రైవరు ముందు తలకొట్టేసినట్టయింది, మొన్నామధ్య కైకలూరులో తమ్ముడి కొడుకు పెళ్లి, తమ్ముడికి అక్కడ చేపల మేత కొట్టుంది, చెరువుల వాళ్లంతా వచ్చారు, మండపం కిటకిటలాడిపోతోంది, జీలకర్రా బెల్లం పెట్టే వేళకి పక్కన నిలబడాల్సిన పెద్దమ్మ కనపడదు, వీడియో అతను కెమెరా భుజాన పెట్టుకుని వెతుకుతున్నాడు, పంతులుగారు మంత్రం ఆపి చూస్తున్నారు, ఎక్కడని చూస్తే ఆడవాళ్ల గదిలో బాత్రూం తలుపు గడియ వేసి ఉంది, వచ్చాక ఏమైందే అంటే ఏం లేదండీ అంది, పరువు తీసి ఏం లేదండీ, ఆ మర్నాడు పిల్లలందరినీ ఆటపాక తీసుకెళ్తే, కొల్లేట్లో గూడబాతులు చెట్ల నిండా వాలి ఉంటే, మనవరాలు ఇందు అమ్మమ్మా నువ్వూ రా అని కొంగు పట్టుకుని లాగినా బోటు ఎక్కలేదు, ఒడ్డున రేకు షెడ్డు కింద బెంచీ మీద కూర్చుండిపోయింది, మీ అమ్మమ్మకి నీళ్లంటే భయమే అని తనే పిల్లకి నచ్చజెప్పాడు, కొల్లేటి గాలికి జుట్టంతా రేగిపోయి ఒక్కతే అలా కూర్చుని ఉండడం బోట్లోంచి కనిపిస్తూనే ఉంది, వినోదానికి వచ్చి ఈ విచారమేమిటని ఒళ్లు మండింది, ఈ మధ్య కొట్టుకి రావడం మానేసింది, గుడికి రావడం మానేసింది, ఒకళ్లింటికి పేరంటానికి పిలిస్తే వెళ్లదు, ఎందుకూ అంటే ఇంట్లో పనుందండీ అంటుంది, ఏ పని, ఎవరికి చెయ్యాల్సిన పని.

తలుపు తోసుకుని అప్పుడొచ్చింది డాక్టరమ్మ, వెనకాల జాయ్సీ, ఆలస్యమైందండీ, ఏమనుకోవద్దు అంది, అనుకోవడానికేముందండీ, ఇంకా టైముంది, పదండి పోదాం అన్నట్టు నరసింహమూర్తి లేచి నిలబడ్డాడు, ఆవిడ కదలదే, దుప్పటి తీయించి పొట్ట మీద చెయ్యి వేసి, ఇదేంటమ్మా పడుకునే ఉన్నారు కదా, అయినా ఉబ్బు ఇంత గట్టిగా ఉంది అంది, వేళ్లతో నాలుగు వైపులా తట్టి చూసింది, సెలైను ఎప్పటి నుంచి వెళ్తోందని జాయ్సీని అడిగింది, పొద్దుట్నుంచీ మేడమ్ అంది జాయ్సీ, అప్పుడు డాక్టరమ్మ స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుంది, కూర్చోవడమేమిటి ఇప్పుడు, ఉమాకుమారిగారూ, ఈ ఉబ్బు ఎప్పుడు పెరుగుతుందండీ, ఎప్పుడు తగ్గుతుంది అని అడిగింది, నిలబడితే పెరుగుద్దండీ, పడుకుంటే తగ్గుద్దండీ అన్నాడు నరసింహమూర్తి, బాత్రూంకి వెళ్లడంలో, అంటే పాస్ పోసేటప్పుడు ఏమన్నా ఇబ్బందుందా అంది, ఏ ఇబ్బందీ లేదండీ, ఎంతసేపూ గ్యాసేనండీ, పేగు కదండీ, మేడమ్‌గారండీ, మళ్లీ వర్జ్యం వచ్చేస్తుందండీ అన్నాడు, ఆవిడ తల తిప్పి చూసింది, కోపమేమీ లేదు ముఖంలో, మూర్తిగారూ, నేను అడిగింది ఆవిణ్ణండీ అంది, ఎవరు చెబితే ఏంటండీ, ఆవిడకి సరిగ్గా చెప్పడం రాదండీ, మొహమాటం మనిషండీ అన్నాడు, అయితే మీరు కాసేపు బయట కూర్చోండి, నేను పిలుస్తాను అంది ఆవిడ, అంతే, జాయ్సీ తలుపు తీసి పట్టుకుని నిలబడింది, ఇంత వయసొచ్చాక తన భార్య గదిలోంచి తనని బయటికి పంపడం, అదీ ఒక నర్సు తలుపు పట్టుకుని.

వరండాలో కాలు కాలిన పిల్లిలా తిరిగాడు, ఇటు గోడ దాకా, అటు మెట్ల దాకా, బెంచీల మీద కూర్చున్నవాళ్లు కాళ్లు ముడుచుకుని దారి ఇస్తున్నారు, లోపల ఏం చెబుతుంది, ఏం చెప్పడం వచ్చు ఆవిడకి, ఏం లేదండీ అంటుంది, డాక్టరమ్మే విసిగి తనని పిలుస్తుంది, పిలిచేలోపు పదకొండు అయిపోతుంది, ఫోను మోగింది, కూతురు వీణ, వట్లూరులో ఇంజినీరింగు కాలేజీలో పాఠం చెబుతుంది, ఈ ఆసుపత్రి వెతికి పెట్టింది అదే, అమ్మని లోపలికి తీసుకెళ్లారా నాన్నా అంది, లేదమ్మా, ఆ డాక్టరమ్మ కబుర్లు పెట్టుకుంది, ముహూర్తం మాట ఆవిడకి పట్టట్లేదు అన్నాడు, అమ్మ ఏమంటోంది అంది, మీ అమ్మేమంటుంది, బాగానే ఉంది, భయమేం లేదు అన్నాడు, ఒకసారి అమ్మకివ్వండి నాన్నా, ఎప్పుడు చేసినా మీరే ఎత్తుతున్నారు అంది, ఎత్తితే తప్పా, ఫోను మోగితే ఎత్తరా మరి, తర్వాత చేయిస్తాలే అని పెట్టేశాడు, పెట్టేసి నిలబడ్డాడు, ఎందుకు నిలబడ్డాడో మొదట తెలియలేదు, తలుపు వెనక నుంచి ఏదో వినిపిస్తోంది, మాటలు తెలియడం లేదు గానీ గొంతు తెలుస్తోంది, ఉమాకుమారి గొంతు, ఆగడం లేదు, నడుస్తోంది, ఎక్కడో కాస్త తగ్గుతోంది, మళ్లీ అందుకుంటోంది, మధ్యలో డాక్టరమ్మ ఏదో ఒక్క మాట అడిగితే దానికి ఇంతింత పొడుగు జవాబు, ఈవిడకి ఇన్ని మాటలెక్కడివి, ఎవరి మీద చెబుతోంది, తన మీదేనా, అత్తగారి మీదా, కొత్తావకాయ సంగతి కూడా చెప్పేస్తోందా ఏమిటి కొంపదీసి, ఇంతలో నవ్వు వినిపించింది, డాక్టరమ్మ నవ్వూ, దాని వెంట ఉమాకుమారి నవ్వూ, ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో లెక్కకి అందలేదు, అందకపోయేసరికి ఇంకా చిరాకేసింది, వరండా చివర గడియారం పదకొండు దాటి కూర్చుంది, వర్జ్యం వచ్చేసింది, వాళ్లకేం, నవ్వుకుంటున్నారు.

డాక్టరమ్మ బయటికి వచ్చి, మూర్తిగారూ, ఇవాళ ఆపరేషన్ చెయ్యడం లేదండీ అంది, గోరుచుట్టు మీద రోకటి పోటు అంటే ఇదే, నరసింహమూర్తి గొంతు తనకి తెలియకుండానే లేచింది, ఇదేమన్నా ధర్మంగా ఉందాండీ, ముహూర్తం పెట్టించుకుని, తెల్లారకుండా బయల్దేరొచ్చి, పచ్చి మంచినీళ్లు ముట్టకుండా ఆవిణ్ణి కూర్చోబెట్టి, మీరు కబుర్లు చెప్పుకుని ఇప్పుడు లేదంటే ఎలాగండీ అన్నాడు, ఆవిడ అంతా అననిచ్చింది, అన్నాక, అది పేగు కాదండీ అంది, మూత్రసంచి, అంటే యూరిన్ నిలవుండే బ్లాడరు, దాని సగభాగం ఆ పాత కోత కన్నంలోంచి బయటికి వచ్చి చర్మం కింద కూర్చుంది, చాలా అరుదుగా జరుగుతుంది, నా సర్వీసులో ఇది రెండోసారి చూడడం, సంచి నిండితే ఉబ్బు పెరుగుతుంది, ఖాళీ అయితే పోతుంది, మీరు ఏ డాక్టరుకి చూపించినా ఆవిడ ముందే ఖాళీ చేసుకుని వెళ్లారు కాబట్టి ఎవరికీ దొరకలేదు, ఇవాళ పొద్దుట్నుంచీ సెలైను వెళ్లి, లేవకుండా పడుకోబట్టి నా చేతికి దొరికింది, నేను అనుకున్న టైముకి వచ్చి ఉంటే ఏమయ్యేదో తెలుసాండీ, లోపలికి తీసుకెళ్లగానే ట్యూబు వేసి యూరిన్ తీసేస్తాం, ఉబ్బు పోతుంది, మీరు చెప్పినట్టు పేగు సంచే అనుకుని కోస్తాం, కోస్తే మూత్రసంచి తెగుతుంది, ఆ మురికంతా మేం పెట్టే వల మీద పడి పొట్టంతా చీము పట్టేది అంది, నరసింహమూర్తి మీరు చెప్పినట్టు అన్న మాట దగ్గరే ఆగిపోయి వింటున్నాడు, ఆవిడ పొట్ట చేత్తో గట్టిగా నొక్కుకుంటే గానీ పాస్ సగం రాదటండీ, మొదట మామూలుగా కొంత, ఆ తర్వాత వంగి, నొక్కి, ఆగి, మళ్లీ నొక్కి మిగతాది, ప్రతిసారీ, ఇన్నేళ్లూ అంది డాక్టరమ్మ, ఇంట్లో ఎవరికైనా చెప్పారా అమ్మా అని అడిగాను, ఆయనకి చెప్పానండీ అన్నారు.

ఎప్పుడు, ఎప్పుడు చెప్పింది, చెబితే వినడా, చెబితే ఊరుకుంటాడా, మూడూళ్ల డాక్టర్లకి తిప్పినవాడు చెబితే తిప్పడా అని పైకి అనబోయాడు, ఆలోపే డాక్టరమ్మ నీళ్లు తాగించి మళ్లీ స్కాను తీయిస్తామనీ, మూత్రసంచి చూసే డాక్టరుని కూడా పిలిపించి ఇద్దరూ కలిసి చేస్తామనీ చెప్పి వెళ్లిపోయింది, తను గోడకి ఆనుకున్నాడు, పూళ్ళ దగ్గర ఆపమన్నది ఇదా, బంకు వెనక అంతసేపు వంగి నొక్కుకుంటోందా, డ్రైవరు చూస్తున్నాడని తను హారను కొట్టించాడు, కొట్టించింది తనే, కైకలూరులో గడియ వేసుకున్న తలుపు వెనక కొత్త పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, బయట బాజాలు మోగుతుండగా, పొట్ట నొక్కుకుంటూ నిలబడి ఉంటుంది, బోటు ఎక్కితే నడి కొల్లేట్లో ఎక్కడికి వెళ్తుంది, భయమట నీళ్లంటే, ఎవరు చెప్పారు భయమని, ఒకళ్లింటికి వెళ్తే ఆ ఇంటి బాత్రూంలో అంతసేపు ఉండగలదా, అందుకని ఇల్లు కదలడం మానేసింది, దాహమైతే దాహాన్నే మింగి కూర్చుంది, ఇన్నిటికీ ఇంత చిన్న కారణం, ఒక్క మాటలో చెప్పేసే కారణం, చెప్పలేదు కదా అని మళ్లీ ఒళ్లు మండబోయింది గానీ మండడానికి లోపల ఏమీ దొరకలేదు, ఎందుకంటే చెప్పింది, కైకలూరు నుంచి తిరిగొచ్చేటప్పుడు కారు వెనక సీట్లో, రోడ్డుకి రెండు పక్కలా చేపల చెరువుల్లో గాలి పట్టించే చక్రాలు నీళ్లు చిమ్ముతున్నాయి, పొద్దు వాలుతోంది, ఏవండీ, నాకిది నొక్కుకుంటే గానీ అంది, గ్యాసే, ఇంటికెళ్లాక వాము నీళ్లు కాచుకో అన్నాడు తను, గ్యాస్ కాదండీ, బాత్రూంకి వెళ్లినప్పుడు అంది, అజీర్తంటే అదేనే, పెళ్లి భోజనం అరగలేదు అన్నాడు, ఆ తర్వాత ఆవిడ కిటికీ వైపు తిరిగింది, అంతకు ముందు ఒకసారి కొట్టుకి క్యారేజీ తెచ్చి గల్లాపెట్టె పక్కన నిలబడి మీతో ఒక మాట అండీ అంది, ఉల్లిపాయలేగా, పంపిస్తాలే అన్నాడు, ఆ సాయంత్రం ఉల్లిపాయలు పంపించాడు కూడా, బస్తాడు, ఇంట్లో ఉల్లిపాయలు నిండుగా ఉన్నాయట.

తలుపు తోసుకుని లోపలికి వెళ్లాడు, సెలైను తీసేశారు, బాత్రూంకి వెళ్లొచ్చినట్టుంది, మంచం మీద కాళ్లు కిందికి వేలాడేసి కూర్చుని ఉంది ఉమాకుమారి, గౌనులో చిన్నపిల్లలా ఉంది, తనని చూడగానే దుప్పటి భుజాల మీదికి లాక్కుంది, ముహూర్తం దాటిపోయిందాండీ, నా మూలంగా అంది, పోతే పోయింది అనాలి, నాదే పొరపాటు అనాలి, అనేలోపే జాయ్సీ పెద్ద జగ్గుతో నీళ్లు తెచ్చి బల్ల మీద పెట్టింది, స్కానుకి ఇవన్నీ తాగాలమ్మా అంది, గ్లాసులో పోసి చేతికిస్తూ, ఒకసారి చూడనివ్వండమ్మా అని పొట్ట మీద ఆ పాత కోత పక్కన రెండు వేళ్లు పెట్టి, ఇక్కడ నొక్కితే నొప్పిగా ఉందా అని అడిగింది, లేదమ్మా నొప్పేమీ ఉండదు అన్న మాట తయారై నాలిక చివరిదాకా వచ్చేసింది, పళ్లు బిగించి ఆపాడు, ఆపి చూస్తే ఉమాకుమారి జాయ్సీ వంక చూడడం లేదు, తన వంక చూస్తోంది, అలిగి కాదు, దెప్పి కాదు, ఎప్పుడూ చూసినట్టే, తనకి నొప్పిగా ఉందో లేదో ఈయన ఏం చెబుతారా అని చూస్తోంది, నోట్లో నాలుక లేక కాదు, చెప్పడం రాక కాదు, ఈ ప్రశ్న ఎవరు అడిగినా జవాబు ఆయన దగ్గర ఉంటుందని ఇన్నేళ్లకి ఆమెకి అలవాటైపోయింది, అలవాటు చేసింది తను, ఆ కళ్లలోకి చూస్తూ ఆ జవాబు కోసం తనలో తాను వెతుక్కున్నాడు నరసింహమూర్తి, ఎంత వెతికినా లేదు, నిమ్మకాయంత ఉన్నప్పుడు నొప్పి ఉండేదో లేదో, వంగి నొక్కుకునేటప్పుడు కళ్లలో నీళ్లు తిరిగేవో లేదో, పక్కన పడుకుని ఎటు తిరిగితే బాధగా ఉంటుందో, ఏదీ తెలియదు, ఏ రోజూ తెలియదు, నాకు తెలియదమ్మా అన్నాడు, జాయ్సీతో అన్నాడు గానీ చూపు భార్య మీదే ఉంది, నాకు తెలియదు, ఆవిడే చెప్పాలి అన్నాడు, ఉమాకుమారి గ్లాసు రెండు చేతులతో పట్టుకుని జాయ్సీ వైపు తిరిగింది, ఉందమ్మా అంది, రోజూ ఉంటుంది.